కథారహస్యము – ప్రథమదర్శనము: చలనచిత్ర విమర్శలో నొక విచారము

చలనచిత్రమును చూడబోవువాడు దానిని ముందే చూచివచ్చినవానితో పలుకు మొదటి మాట నేడు "కథ చెప్పవద్దు" అనునది. ఒకప్పుడు "కథ యేమి?" అని అడిగి తెలిసికొని మరి సినిమాకు పోయినవారే మెండు. ఈ మార్పు వట్టి కాలక్షేపమునకు సంబంధించినదిగ తోచవచ్చును గాని, పరిశీలించినచో ఇందు రసశాస్త్ర సంబంధమైన సమస్య యొకటి ఇమిడియున్నది. చిత్రమును చూడకమునుపే దాని కథలోని ముఖ్యరహస్యమును వెల్లడించుటను లోకమున "స్పాయిలరు" అను మాటతో వ్యవహరించుచున్నారు. ఆ మాటకు చెడగొట్టునది యని యర్థము. అనగా తీర్పు పేరులోనే యున్నది. విచారణకు ముందే తీర్పు చెప్పు పేరును విడిచి మేము ఈ వ్యాసమున "రహస్యభేదము" అను పదమును గ్రహించుచున్నాము.

ఈ విషయమున రెండు మతములు వినవచ్చుచున్నవి. కథ ముందే తెలిసినచో చిత్రమున చూడదగిన దేమియు మిగులదని ఒక మతము. కథ తెలిసినంత మాత్రమున చెడిపోవు చిత్రము చూడదగినదే కాదని రెండవ మతము. మొదటిది సామాన్య ప్రేక్షకులలోను, రెండవది పండితులలోను ప్రచురముగ నున్నది. ఈ రెండును అర్ధసత్యములే యని మా యభిప్రాయము. ఏ కృతియందు, ఏ యంశమును, ఎవరికి చెప్పినచో, ఏ యనుభవమునకు భంగము కలుగునో వేరుచేసి చూడవలసి యున్నది. ఈ వ్యాసమున పేర్కొనబడు ఏ చిత్రపు తుదిరహస్యమును మేము వెల్లడింపము. వాదమునకు దాని యవసరము లేదని చూపుటయు మా యుద్దేశములలో నొకటి.

పండితుల మతమునకు మన ప్రాచీన వాఙ్మయము బలము చేకూర్చునట్లు కనబడును. వాల్మీకి రామాయణమున బాలకాండ ప్రథమసర్గయందే నారదుడు రామకథ నంతటిని సంక్షేపముగ చెప్పివేసినాడు. మహాభారతమున ఆదిపర్వమందే పర్వముల యనుక్రమణిక కలదు; నన్నయయు దానిని విడువలేదు. తోలుబొమ్మలాట చూడవచ్చిన పల్లెవాడు రావణుడు చచ్చునో చావడో యను సందేహముతో రాలేదు. హరికథకుడు "తరువాత ఏమి జరిగెనో మీ రెరుగరు" అని సభను ఊరించలేదు. కావున రసము కథాజ్ఞానమునకు లోబడదని, రహస్యరక్షణ మనునది పాశ్చాత్యుల అపరాధపరిశోధక నవలలతో వచ్చిన క్రొత్త మోజని అనువారు కలరు.

ఈ వాదము సగము దూరమే నడచును. మన లాక్షణికులు ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగ విభజించిరి. పైన చెప్పిన ఉదాహరణము లన్నియు ప్రఖ్యాతమునకు చెందినవి. కవి కల్పించిన ఉత్పాద్య కథ మాట వేరు. పింగళి సూరన "కళాపూర్ణోదయము" అట్టిది. అందు కవి కథాక్రమమును బుద్ధిపూర్వకముగ తారుమారు చేసి, కార్యమును ముందు చూపి కారణమును వెనుకకు నెట్టి, ఆశ్వాసములు గడచినకొలది ముడులు విప్పుచు పోవును. కట్టమంచి రామలింగారెడ్డిగారు "కవిత్వతత్త్వవిచారము"న ఆ కావ్యమును ప్రధానముగ గైకొని పరిశీలించుటకు కథాకల్పనమందలి ఈ నేర్పు ముఖ్యకారణము. కళాపూర్ణుని కథను వరుసగ సరిదిద్ది ముందే చెప్పినచో చదువరికి శ్రమ తగ్గును. కాని సూరన పడిన శ్రమయు దానితోనే వ్యర్థమగును.

మరియు నాటకమున నిర్వహణసంధియం దద్భుతరసము ఉండవలెనని శాస్త్రము. అద్భుతమునకు స్థాయి విస్మయము. తెలిసిన దానియందు ఆదరము కలుగవచ్చును గాని విస్మయము కలుగుట దుర్లభము. ప్రఖ్యాత కథను గైకొన్న నాటకమునకు సైతము తుదిని విస్మయమును విధించుటచే, తెలిసిన కథలో తెలియని దేదియో ఉండవలె నని పూర్వుల హృదయమని ఊహింపవచ్చును. కాళిదాసు భారతమునందలి శకుంతల కథను గ్రహించి దుర్వాసశ్శాపమును, అంగుళీయకమును చేర్చినాడు. సభాసదులు కథ నెరుగుదురు. ఆ కల్పనల నెరుగరు. రామరాజభూషణుడు కేవల కల్పితకథలను కృత్రిమరత్నములతోను, పూర్వకథలను గనిలో పుట్టిన రత్నములతోను, కవికల్పనచే నలంకృతములైన పూర్వకథలను సానబట్టిన జాతిరత్నములతోను పోల్చెను. ఆ పోలికను మన విషయమున కన్వయించినచో, రత్నము అందరెరిగినది. సాన యొక్కటియే క్రొత్తది. రహస్యభేదము వలన పోవునది ఆ సానయొక్క ప్రథమకాంతి.

ఇక చలనచిత్రమునకు వత్తము. ప్రేక్షకుని జ్ఞానమును పాత్రయొక్క జ్ఞానముతో పోల్చిచూచిన మూడు స్థితులు కనబడును. ప్రేక్షకునికి పాత్రకంటె ఎక్కువ తెలియుట అధికజ్ఞానము. పాత్రకు తెలిసినంతయే తెలియుట సమజ్ఞానము. పాత్ర యెరిగిన దానిని ప్రేక్షకుడు ఎరుగకుండుట న్యూనజ్ఞానము. రహస్యభేదము ఈ మూటియందును ఒకే తీరున పనిచేయదు.

అధికజ్ఞానమునకు మన "మాయాబజార్" (1957) ఉత్తమోదాహరణము. శశిరేఖా పరిణయగాథ వ్యాసభారతమున లేకున్నను తెలుగువారికి చిరపరిచితము. ఘటోత్కచుడు శశిరేఖ రూపమున విడిదింట నిలిచినాడని ప్రేక్షకుడు ఎరుగును, కౌరవు లెరుగరు. హాస్యమంతయు ఆ తేడానుండియే పుట్టినది. ఆ సంగతిని ముందే చెప్పినవాడు ప్రేక్షకునికి చేసిన నష్టము మిక్కిలి స్వల్పము. కథకుడే దానిని మొదట చెప్పదలచినాడు గదా. "మిస్సమ్మ" (1955) సాంఘికచిత్రమైనను ఈ కోవలోనిదే. మేరీ యెవరైనదియు ప్రేక్షకుడు చాల ముందుగనే గ్రహించును. ఆమెకు ఎప్పుడు తెలియునా యని నిరీక్షించుటయే ఆనందము.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో చేసిన సంభాషణలు 1966లో గ్రంథరూపమున వెలువడినవి. అందు హిచ్‌కాక్ ఉత్కంఠకును ఆకస్మిక విస్మయమునకును భేదము చెప్పుచు ఒక దృష్టాంత మిచ్చెను. ఇద్దరు బల్లకు చెరియొకవైపు కూర్చుండి మాటలాడుచున్నారు. బల్లక్రింద బాంబు కలదు. ప్రేక్షకునికి తెలియనిచో అది పేలినప్పుడు కొన్ని క్షణముల దిగ్భ్రమ కలుగును. ముందే తెలిసినచో ఆ మాటలు సాగినంతసేపును ఉత్కంఠ నిలుచును. కావున ప్రేక్షకునికి సాధ్యమైనంతవరకు విషయమును తెలుపుటయే మేలని ఆయన మతము. కథయొక్క శిఖరమే అనూహ్యమైన ముగింపైనప్పుడు మాత్రము ఈ సూత్రము వర్తింపదని కూడ ఆయనయే చెప్పెను. ఈ రెండవ మాటను మరచి మొదటి మాటనే ఉదాహరించుట పరిపాటియైనది.

ఒకే రచయితల జంటనుండి పుట్టిన రెండు చిత్రములు ఈ భేదమును చక్కగ చూపును. ఫ్రెంచి నవలాకారులు బ్వాలో, నార్సెజాక్ కలసి వ్రాసిన ఒక నవలను క్లూజో 1955లో "లే దియాబోలిక్"గ చిత్రించినాడు. ఆ జంటదే మరియొక నవలను హిచ్‌కాక్ 1958లో "వర్టిగో"గ చిత్రించినాడు. క్లూజో రహస్యమును తుదివరకు కాపాడి, చిత్రాంతమున తెరపై వాక్యములను నిలిపి, చూచినదానిని మిత్రులకు చెప్పి వారి యాసక్తిని చెరుపవలదని ప్రేక్షకులను కోరినాడు. హిచ్‌కాక్ అట్లు చేయలేదు. మూలనవలయందు చివరవరకు దాచబడిన రహస్యమును ఆయన చిత్రము ముగియుటకు చాల ముందుగనే ప్రేక్షకునికి తెలిపి, నాయకునికి మాత్రము తెలుపలేదు. అచటినుండి ప్రేక్షకుడు "ఏమి జరిగెను?" అను ప్రశ్నను విడిచి "ఇతనికి తెలిసిననాడు ఏమగును?" అను ప్రశ్నను పట్టుకొనును. న్యూనజ్ఞానము అధికజ్ఞానముగ మారుట చిత్రము నడుమనే, దర్శకుని చేతిమీదుగనే జరిగినది. "వర్టిగో" రహస్యమును ముందే చెప్పినవాడు సైతము అపకారము చేసినవాడే. ఏలయన ఆ మార్పు జరుగు క్షణమును అతడు ప్రేక్షకునికి దక్కనీయలేదు.

ఇచట మా ముఖ్యప్రతిపాదనము చెప్పెదము. కొన్ని కృతులయందు ప్రేక్షకుని అజ్ఞానము కృతికి వెలుపలి విషయము. మరికొన్నింటియందు అది కృతిలోని భాగము. వెన్నెల, ఉద్యానము శృంగారమునకు ఉద్దీపనము లైనట్లు, ఈ రెండవ తరగతి కృతులకు ప్రేక్షకుని తెలియమి ఉద్దీపనవిభావ స్థానమున నున్నది. దర్శకుడు వెలుగునీడలను కూర్చినట్లే దానిని కూర్చినాడు. అట్టిచోట రహస్యభేదము చేయుట ఉద్యానదృశ్యమున వెన్నెల నార్పివేయుట వంటిది. మొదటి తరగతి కృతులయందు అది కేవల సమాచారము. దానివలన హాని లేదు. కావున "కథ తెలిసినచో చెడునా?" అను ప్రశ్నకు సమాధానము ప్రేక్షకుని యభిరుచిలో గాక కృతినిర్మాణమున వెదకవలసి యున్నది.

హిచ్‌కాక్ "సైకో" (1960) విడుదల ఈ సూత్రమునకు కార్యరూపము. ఆ కాలమున అమెరికాలో ఆట నడుచుచుండగ ఎప్పుడు వలసిన నప్పుడు లోనికి పోయి కూర్చుండు అలవాటు మిక్కుటముగ నుండెను. "సైకో" విషయమున ఆట మొదలైన పిదప ఎవ్వరిని లోనికి విడువరాదని నియమము పెట్టిరి. విమర్శకులకు ముందుగ ప్రత్యేకప్రదర్శన మీయలేదు. వారును ప్రజలతో కలసియే చూచిరి. దీనిని ప్రచారతంత్ర మనుట అబద్ధము కాదు. ఐనను ఆ తంత్రమునకు అడుగున రసవిషయకమైన న్యాయము కలదు. ఆదినుండి చూడనివానికి ఆ చిత్రము తన ప్రేక్షకునితో చేసికొన్న ఒడంబడిక తెలియదు. ఒడంబడిక తెలియనివానికి దాని భంగమును తెలియదు. అగాథా క్రిస్టీ నాటకము "ది మౌస్‌ట్రాప్" లండనులో 1952 నవంబరులో ప్రారంభమై, 2020లో మహమ్మారివలన ఆగి, 2021లో తిరిగి మొదలైనది. ఆట ముగియగనే రహస్యమును బయట చెప్పవలదని ప్రేక్షకులను కోరుట దాని యాచారము. ప్రేక్షకు డచట రహస్యమునకు కాపరిగ నియుక్తు డగుచున్నాడు.

తెలుగునాట ఈ చరిత్ర విలక్షణమైనది. వెనుకటి దశాబ్దులలో సినిమాహాళ్ల వద్ద అమ్మిన పాటలపుస్తకములలో పాటలతోబాటు కథాసంగ్రహ ముండెడిది. ఆ సంగ్రహము కథను ముడివరకు నడపి, అచట ఆగి, రెండు మూడు ప్రశ్నలు వేసి, శేషమును వెండితెరపై చూడుడని ముగియుట వాడుక. అజ్ఞాతకర్తృకములైన ఆ చిన్నసంగ్రహములలో ఎంత చెప్పవలెనో ఎచట ఆగవలెనో తెలిసిన వివేకము కలదు. సంధిపరిభాషలో చెప్పినచో అవి గర్భసంధివరకు వచ్చి, ప్రాప్త్యాశయందు పాఠకుని నిలిపి, నిర్వహణమును తెరకు వదలినవి.

దీనికి ప్రతిగ, ఆకాశవాణివారు ప్రసారము చేసిన సంక్షిప్త శబ్దచిత్రములు కథ నంతటిని వినిపించినవి. విన్నవారు చిత్రమును చూచుట మానలేదు. పెద్దపట్టణములలో విడుదలయైన చిత్రము చిన్నయూళ్లకు చేరుటకు నెలలు పట్టినందున, పట్నము పోయి చూచివచ్చినవాడు అరుగుమీద కూర్చుండి కథ చెప్పుట నాటి పల్లెలలో నొక వేడుక. అతని చెప్పుట ఒక పునఃకల్పనము; వినువారికి అదియొక ప్రత్యేక కథాశ్రవణము. నేడు ఒక చిత్రము ఒకేదినమున సర్వత్ర విడుదల యగుచున్నది. అమెరికాలోని తెలుగువారు ముందురోజు ప్రదర్శనలలో చూచిన విషయము ఇచట ఉదయపు ఆట మొదలగునప్పటికే ఫోనులలో చేరుచున్నది. అరుగుమీది కథకుడు అడిగినవారికి చెప్పెను. నేటి వార్త అడుగనివానికిని అందుచున్నది. పూర్వము లేని చిక్కు నేడు కలుగుటకు కారణము ప్రేక్షకుల అభిరుచి దిగజారుట గాదు. వినకుండు స్వాతంత్ర్యము తరిగిపోవుటయే.

"బాహుబలి" రెండు భాగములు ఈ సందర్భమున స్మరింపదగినవి. మొదటిభాగము 2015 జూలై 10న విడుదలయైనది. బాహుబలిని చంపినవాడు తానే యని కట్టప్ప చెప్పుటతో అది ముగియును. రెండవభాగము 2017 ఏప్రిల్ 28న వచ్చినది. ఈ నడుమ దాదాపు రెండేండ్లు దేశమంతయు "ఏల చంపెను?" అని అడిగినది. ఇచట కథకుడు కర్తను చెప్పి హేతువును దాచినాడు. కర్తృరహస్యము ఒక పేరుతో తీరిపోవును, చెప్పుటయు సులభము. హేతురహస్యము ఒక్కమాటతో చెప్పినను పూర్తిగ తీరదు. ఆజ్ఞాబద్ధుడైన సేవకుడు, ధర్మసంకటము, పెంచిన చేతులు – ఇవి చూచిననే గాని అనుభవమునకు రావు. అందువలన మొదటిదినమే కారణము విన్నవారును రెండవభాగమును చూచి కదలిరి. ఐనను ఆ కదలిక విననివారి కదలికతో సమానమని చెప్పజాలము.

"దృశ్యము" (2014) మరింత సూక్ష్మమైనది. మూలమగు మలయాళచిత్రము 2013లోనే వచ్చుటచే తెలుగు ప్రేక్షకులలో కొందరికి కథ ముందే తెలియును. జరిగిన నేరమును ప్రేక్షకుడు కన్నులార చూచును, పోలీసులు చూడలేదు. అంతవరకు అధికజ్ఞానము. కాని కుటుంబరక్షకుడైన నాయకుడు చేసిన పని యొకటి ప్రేక్షకునికిని తెలియదు. అది తుదిక్షణమున బయటపడును. అంతసేపు నాయకుని పక్షమున నుండి సర్వము తెలిసినట్లు భావించిన ప్రేక్షకుడు, తానును పోలీసులవలె బయటివాడే యని అప్పుడు గ్రహించును. ఆ గ్రహణమే చిత్రమునకు కిరీటము. అందలి మొదటిరహస్యమును చెప్పినవాడు కథ చెప్పినవాడు. రెండవదానిని చెప్పినవాడు కిరీటమును తీసికొనిపోయినవాడు. ఒకే చిత్రమున రెండురహస్యముల విలువ ఇంత వేరుగ నుండుట గమనింపదగినది.

ఇచట నొక యాక్షేపము కలదు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖకు చెందిన లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు 12 చిన్నకథలపై జరిపిన పరిశోధనలో, ముగింపు ముందే తెలిసిన పాఠకులు ఆ కథలను సగటున ఎక్కువగ మెచ్చిరని తేలినది. 2015లో జాన్సన్, రోసెన్‌బామ్ అనువారు జరిపిన పరిశోధనలో దీనికి విరుద్ధముగ, ముందే తెలియుటచే ఆనందము తగ్గినట్లు కనబడినది. ఫలితములు ఇట్లు భిన్నించుట మాకు వింతగ తోచదు. సగటు లెక్క యెట్టిదైనను, అజ్ఞానము అంగమైన కృతిని, అంగము కాని కృతిని విడదీయనిచో ఈ ప్రశ్నకు సమాధాన మీయజాలదు. చిన్నకథను ఏకాంతమున చదువుటయు, వందలమంది నడుమ చీకటిహాలులో కూర్చుండి చిత్రమును చూచుటయు ఒక్కటి కావు. అందరును తెలియనివారై ఒక్కసారిగ ఊపిరి బిగబట్టు క్షణమున, రహస్యము నెరిగినవాడు ఒంటరివాడు. ఆ ఘట్టము వచ్చునెప్పుడా యని అతని మనస్సు కాచుకొని యుండును. ముందున్న దృశ్యమున నిలువదు. అభినవగుప్తుడు చెప్పిన ఏడు రసవిఘ్నములలో, స్వవిషయమున చిక్కిన మనస్సు విషయాంతరమున విశ్రమింపలేకుండుట యొకటి. ఇది దానికి మిక్కిలి చేరువ.

మరియొక యాక్షేపము: వంశీ "అన్వేషణ" (1985) అడవిలోని హత్యల రహస్యముచుట్టు అల్లబడినది. హంతకు డెవరో తెలిసినవారును దానిని మరలమరల చూచుచున్నారు. అట్లైన రహస్యమునకు విలువ యేమి? దీనికి సమాధానము సులభము. రెండవమారు చూచువాడు వేరొక యానందము పొందును. మొదట గమనింపని చూపులు, మాటలు, నీడలు ఇప్పుడు సార్థకములుగ కనబడును. కల్పనలోని నేర్పు బోధపడును. ఈ రెండవ యానందము తక్కువది గాదు. విమర్శకునికి ముఖ్యమైనది ఇదియే. కాని ప్రథమదర్శన మైన పిదప ద్వితీయదర్శనము ఎప్పుడును లభించును. ద్వితీయదర్శనము వంటి స్థితి ముందే కలిగినవానికి ప్రథమదర్శనము ఎన్నటికిని లభింపదు. రహస్యభేదకుడు ప్రేక్షకునికి ఇచ్చునది తరువాత దొరకునదే. తీసికొనునది మరల దొరకనిది. ఈ యసమానతయే రహస్యరక్షణ ధర్మమునకు మూలము.

ఇక విమర్శకుని ధర్మ మేమి? సమీక్షయు విమర్శయు వేరు. సమీక్ష చూడనివానికొరకు వ్రాయబడును; చూడవచ్చునా యని చెప్పుట దాని పని. దానికి పాటలపుస్తకపు కథాసంగ్రహమందలి వివేకము చాలును. విమర్శ చూచినవానికొరకు వ్రాయబడును. ఫలాగమమును చర్చింపని విమర్శ ఇతివృత్తమును చర్చింపనట్లే. కావున విమర్శకు డన్ని రహస్యములను విప్పవచ్చును, విప్పవలెను. ఐనను విప్పబోవుచున్నట్లు మొదట చెప్పుట మర్యాద. సమీక్షకుడు విమర్శకుని స్వేచ్ఛను కోరుటయు, విమర్శకుడు సమీక్షకుని సంకోచమును పూనుటయు రెండును దోషములే. రహస్యరక్షణ పేరిట నిర్మాణచర్చ నంతటిని మూసివేయు నేటి ధోరణియు మాకు సమ్మతము గాదు. అది ప్రేక్షకుని రక్షించుట మాని వ్యాపారమును మాత్రమే రక్షించును.

ఉపాధ్యాయులకును పరిశోధకవిద్యార్థులకును ఈ విచారము పరకీయము గాదు. నవలపై గాని చిత్రముపై గాని వ్రాయబడు సిద్ధాంతవ్యాసములలో ప్రతి ప్రకరణమును కథాసంగ్రహముతో ప్రారంభించుట వాడుకయైనది. ఆ సంగ్రహములు గర్భసంధివద్ద ఆగుట యెరుగవు. రచయిత దాచినదానిని మొదటి వాక్యముననే చెప్పి, దాచిన రీతిని చెప్పుట మరతురు. తరగతిలో మనము చేయుచున్నదియు తరచుగ ఇదియే. విద్యార్థి పుస్తకము తెరువకమునుపే ముగింపును వ్రాయించి, పిమ్మట అతనికి చదువుటయం దాసక్తి లేదని విచారింతుము. ఏ కృతియందు ప్రేక్షకుని లేక పాఠకుని తెలియమి అంగమో, ఏ కృతియందు కాదో ముందు నిర్ణయించుకొని, అంగమైనచోట కృతిని మొదట చూడనిచ్చి, చదువనిచ్చి, తరువాత చర్చకు పూనుకొనుట యుక్తము. ప్రథమదర్శనమును విద్యార్థికి విడిచి, ద్వితీయదర్శనమును మాత్రమే అధ్యాపకుడు తన సొత్తుగ గ్రహించిన చాలును.